పాఠశాల విలువిద్య పోటీలు: విశాఖ తల్లిదండ్రులకు అర్హతలు, నియమాల మార్గదర్శిని

పాఠశాల స్థాయి విలువిద్య పోటీకి పిల్లల పేరు ఇచ్చేముందు మూడు సంగతులు, ఇదే వరుసలో, తేల్చుకోవాలి. పుట్టిన తేదీ ఏ వయోవిభాగంలో పడుతుందన్నది మొదటిది, చదివే బడి ఏ యూనిట్ (జాతీయ పోటీలకు జట్టును పంపే రాష్ట్రం లేదా సంస్థ) కిందికి వస్తుందన్నది రెండోది, పట్టే విల్లు ఏ రకమన్నది మూడోది. విశాఖలో చాలామంది తల్లిదండ్రులు మూడోదానితో మొదలుపెట్టి, వేలకు వేలు పోసి విల్లు కొన్నాక మిగిలిన రెండింటి దగ్గర చిక్కుకుంటారు. బాణం వేయడంలో వెనకబడిన పిల్లవాడికి మరో ఏడాది ఉంటుంది గాని, ధ్రువపత్రాల పరిశీలన బల్ల దగ్గర వెనక్కి పంపిన పిల్లవాడికి ఆ వయోవిభాగంలో మళ్లీ అవకాశం రాకపోవచ్చు.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా ఎస్‌జీఎఫ్ పోటీల గురించి, అంటే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పరిధిలో జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో జరిగే పాఠశాల క్రీడల గురించి. ఆర్చరీ అసోసియేషన్ నిర్వహించే సబ్ జూనియర్, జూనియర్ పోటీలు వేరు. వాటికి బడితో నిమిత్తం లేదు, సంఘంలో నమోదు ఉండాలి. ఖేలో ఇండియా యూత్ గేమ్స్ ఇంకో దారి. యూట్యూబ్‌లో వెతికితే అమెరికా పాఠశాలల కార్యక్రమం ఒకటి కనిపిస్తుంది. అందులో పిల్లలందరూ ఒకే రకం విల్లుతో 10 మీటర్లు, 15 మీటర్ల దూరాల నుంచి వేస్తారు, 300 పాయింట్లకు లెక్క కడతారు. ఆ నియమాలు చదివి మన పోటీలకు సిద్ధం కావడం వృథా, ఎందుకంటే మన దగ్గర దూరాలూ వేరు, విల్లులూ వేరు, లెక్కా వేరు.

వయసు లెక్క

ఎస్‌జీఎఫ్‌లో అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు వయోవిభాగాలు ఉంటాయి, ప్రతిదానిలోనూ బాలురకు, బాలికలకు పోటీలు వేర్వేరుగా జరుగుతాయి. వయసును పోటీ జరిగే రోజుకు లెక్కగట్టరు. విద్యాసంవత్సరం మొదలైన ఏడాది డిసెంబరు 31వ తేదీకి లెక్కగడతారు. ఆ రోజుకు 14 ఏళ్లు నిండకపోతేనే అండర్-14. జాతీయ పోటీలు జనవరికో ఫిబ్రవరికో జరిగినా ఈ తేదీ మారదు. ఉదాహరణకు 2025-26 విద్యాసంవత్సరానికి అండర్-14లో ఆడాలంటే 2012 జనవరి 1న గాని ఆ తర్వాత గాని పుట్టి ఉండాలి. అండర్-17కు 2009 జనవరి 1, అండర్-19కు 2007 జనవరి 1 హద్దులు. తర్వాతి విద్యాసంవత్సరాలకు ఒక్కో ఏడాది ముందుకు జరుపుకుంటే సరిపోతుంది.

ఈ హద్దు ఎంత కచ్చితమైనదో ఒక ఉదాహరణతో తెలుస్తుంది. 2011 డిసెంబరు 28న పుట్టిన అమ్మాయి, 2012 జనవరి 3న పుట్టిన అమ్మాయి ఒకే తరగతిలో ఒకే బెంచీ మీద కూర్చోవచ్చు. మొదటి అమ్మాయి మాత్రం ఆ ఏడాది అండర్-17లోకి వెళ్లి తనకన్నా మూడేళ్లు పెద్దవాళ్లతో పోటీపడాలి. ఇందులో ఎవరి దయాదాక్షిణ్యాలకూ చోటు లేదు, బతిమాలి ప్రయోజనమూ లేదు. మీ పిల్లల పుట్టినరోజు సంవత్సరాంతంలో ఉంటే ఆ సంగతి రెండేళ్ల ముందే గుర్తించి, పెద్ద విభాగపు దూరాలకు అలవాటు చేయించడం తెలివైన పని.

అసోసియేషన్ పోటీల్లో విభాగాల పేర్లే కాదు, హద్దులూ వేరు. ప్రపంచ ఆర్చరీ సమాఖ్య లెక్కలో అండర్-18 అంటే 17వ పుట్టినరోజు వచ్చే సంవత్సరం ముగిసేదాకా అర్హత ఉన్నట్టు, అండర్-21 అంటే 20వ పుట్టినరోజు వచ్చే సంవత్సరం ముగిసేదాకా అర్హత ఉన్నట్టు. కాబట్టి ఎస్‌జీఎఫ్ అండర్-17 దాటిన పిల్లవాడు అక్కడ ఇంకో ఏడాది అండర్-18లో ఆడగలడు. ఇక్కడ అర్హత పోయిందని అక్కడ కూడా మానుకోనక్కర్లేదు.

కాగితాలు

అసలు ఇబ్బంది అంతా ఇక్కడే. ఎంట్రీ ఫారంపై ప్రధానోపాధ్యాయుడి సంతకం, బడి ముద్ర, ఫొటోపై అడ్డంగా పడిన సంతకం ఉండాలి. దానితోపాటు జనన ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, ఆధార్ ప్రతి, పదో తరగతి పూర్తయినవారికి మార్కుల మెమో సిద్ధంగా ఉంచుకోవాలి. జిరాక్సులు మాత్రమే తీసుకెళితే సరిపోదు, ఒరిజినల్స్ కూడా చేతిలో ఉండాలి. పుట్టిన తేదీ విషయంలో ఆధార్‌ను నమ్ముకోవద్దు. అది గుర్తింపు పత్రమే తప్ప పుట్టిన తేదీకి రుజువు కాదని జారీ చేసే యూఐడీఏఐ సంస్థే చెప్పింది.

జనన ధ్రువపత్రం నగర పరిధిలో పుట్టినవారికి జీవీఎంసీ నుంచి, గ్రామాల్లో పుట్టినవారికి పంచాయతీ నుంచి వస్తుంది. ఆ పత్రం ఉంది కదా అని బీరువాలో పెట్టి ధీమాగా ఉండేవారు ఒకసారి తీసి చదవడం మంచిది. ఆసుపత్రిలో నమోదైన రోజుకు పేరు పెట్టలేదు కాబట్టి చాలా పత్రాల్లో బిడ్డ పేరు గడి ఖాళీగానే ఉంటుంది, తల్లిదండ్రుల పేర్లు మాత్రమే ఉంటాయి. పేరు లేని పత్రం ఈ పిల్లవాడిదేనని పరిశీలన అధికారి ఎందుకు నమ్మాలి? నమోదైన ఏడాదిలోపు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్లలోపు ఆలస్య రుసుము కట్టి పేరు చేర్పించుకునే వీలును చట్టం ఇచ్చింది. కనుక ఈ పని పోటీల కాలంలో కాకుండా వేసవి సెలవుల్లోనే ముగించుకోవాలి. పుట్టాక ఏడాది గడువు దాటి నమోదు చేయించినవారి దగ్గర అందుకు ఆధారమైన ఆర్డీఓ ఉత్తర్వు ప్రతి కూడా ఉండాలి, ఎందుకంటే ఆలస్యంగా నమోదైన పత్రాన్ని పరిశీలకులు సహజంగానే రెండోసారి చూస్తారు.

మరో చిక్కు మన ఇంటిపేర్లది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా మొదట ఉంటుంది, బడి అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది, జనన ధ్రువపత్రంలో పేరు చివర ఉంటుంది, ఇక ఇంగ్లీషు అక్షరాల కూర్పు మూడింట మూడు రకాలు. జిల్లా స్థాయిలో తెలుగువాళ్లే చూస్తారు కాబట్టి గట్టెక్కుతుంది. వేరే రాష్ట్రంలో జరిగే జాతీయ పోటీల్లో మాత్రం మన పేర్ల పద్ధతి తెలియని అధికారి ముగ్గురు వేర్వేరు పిల్లలను చూస్తున్నానని అనుకుంటే ఆయన తప్పు లేదు. అన్నిటికీ మూలంగా జనన ధ్రువపత్రాన్ని పెట్టుకుని, బడి రికార్డును దానికి అనుగుణంగా సరిచేయించి, ఆ తర్వాత ఆధార్ మార్పించుకోవాలి. పుట్టిన తేదీ తేడా ఏదైనా ఉంటే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) బడి నుంచి వెళ్లేలోగా సరిచేయించాలి. మెమోపై ఒకసారి అచ్చయిన తేదీని మార్పించడం గగనం. వయసుపై అనుమానం వస్తే నిర్వాహకులు వైద్య పరీక్షకు పంపవచ్చు. బడిలో వేయించేటప్పుడు ఏడాది అటూఇటూ రాయించిన అలవాటు ఆటలో పనికిరాదు, దొరికితే పోయేది పిల్లవాడి పరువే.

ఏ బడి, ఏ యూనిట్

జాతీయ పాఠశాల క్రీడల్లో రాష్ట్రాలే కాకుండా కేంద్రీయ విద్యాలయ సంగఠన్, నవోదయ విద్యాలయ సమితి, సీబీఎస్ఈ, విద్యాభారతి వంటివి కూడా విడి యూనిట్లుగా జట్లను పంపుతాయి. ఇది విశాఖకు ముఖ్యమైన సంగతి, ఎందుకంటే నౌకాదళం, ఉక్కు కర్మాగారం, పోర్టు ఉద్యోగుల పిల్లలు చాలామంది కేంద్రీయ విద్యాలయాల్లోనూ సీబీఎస్ఈ బడుల్లోనూ చదువుతారు. కేంద్రీయ విద్యాలయంలో చదివే పిల్లవాడు తన సంగఠన్ ప్రాంతీయ పోటీల ద్వారా వెళ్లాలి. రాష్ట్ర సిలబస్ బడిలో చదివే పిల్లవాడు జిల్లా ఎంపికలకు రావాలి. సీబీఎస్ఈ బడివారు ఏ దారిన వెళ్లాలో ఏడాది మొదట్లోనే పీఈటీ మాస్టారిని అడిగి తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకే ఏడాది ఒకే జాతీయ పోటీకి రెండు యూనిట్ల తరఫున నిలబడడం కుదరదు. రెండు చోట్లా పేరు ఇచ్చి, ఎక్కడ గెలిస్తే అక్కడికి వెళదామనుకోవడం పట్టుబడే ఎత్తు.

జిల్లా విషయంలో ఇల్లు ఎక్కడున్నా లెక్క బడిదే. గాజువాకలో ఉంటూ అనకాపల్లి జిల్లాలోని బడికి బస్సులో వెళ్లే పిల్లవాడు ఆ బడి ఉన్న జిల్లాకే చెందుతాడు. 2022 ఏప్రిల్‌లో పాత విశాఖ జిల్లా విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలుగా విడిపోయినా, పాఠశాల క్రీడల ఎంపికలు ‘ఉమ్మడి విశాఖ జిల్లా’ పేరుతో జరగడం పత్రికల జిల్లా పేజీల్లో చూస్తూనే ఉన్నాం. ప్రకటనలో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. ఉంటే పాడేరు, అరకు ప్రాంతాల ఆశ్రమ పాఠశాలల పిల్లలు కూడా అదే ఎంపికలకు వస్తారు. విల్లు పట్టడం ఇంట్లోనే చూసి పెరిగిన పిల్లలు వారిలో ఉంటారు కనుక, నగరపు పిల్లలు పోటీని తేలిగ్గా తీసుకోరాదు.

పిల్లవాడు గుర్తింపు ఉన్న బడిలో రెగ్యులర్ విద్యార్థి అయి ఉండాలి. అండర్-19లో ఎక్కువగా ఇంటర్ విద్యార్థులే ఉంటారు, వారికి ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆటలకు సెలవు ఇవ్వని కార్పొరేట్ కళాశాలలో చేర్పించాక ఈ సంతకం కోసం తిరగడం కన్నా, చేర్చేటప్పుడే మాట తీసుకోవడం నయం.

ఏ విల్లు

పోటీలు మూడు విభాగాల్లో జరుగుతాయి. ఇండియన్ రౌండ్‌లో వెదురుతో గాని చెక్కతో గాని చేసిన విల్లు వాడతారు, గురి చూసే సైట్ గాని, కుదురుకోసం పెట్టే స్టెబిలైజర్ గాని ఉండవు. రికర్వ్ విల్లుకు సైట్, స్టెబిలైజర్, క్లిక్కర్ (బాణం పూర్తిగా లాగినప్పుడు చప్పుడు చేసే పట్టీ) పెట్టుకోవచ్చు, నారిని మాత్రం వేళ్లతోనే లాగి వదలాలి. కాంపౌండ్ విల్లుకు చివర్లలో చక్రాలుంటాయి, భూతద్దం ఉన్న సైట్‌ను, నారి వదిలే రిలీజ్ పరికరాన్ని అనుమతిస్తారు, లాగే బరువు 60 పౌండ్లు మించకూడదు. ఒక విభాగానికి పేరు ఇచ్చి మరో విభాగపు పరికరం బిగించుకొస్తే తనిఖీలో తీసేయమంటారు.

అంతర్జాతీయ నియమాల్లో అండర్-18 రికర్వ్‌కు 60 మీటర్ల దూరంలో 122 సెంటీమీటర్ల ఫేస్ (వలయాలు గీసిన గురి కాగితం), కాంపౌండ్‌కు 50 మీటర్ల దూరంలో 80 సెంటీమీటర్ల ఫేస్ పెడతారు. అండర్-14కు దూరాలు తగ్గుతాయి. ఆ ఏడాది సర్క్యులర్‌లో తమ వయోవిభాగానికి, తమ విల్లుకు రాసిన దూరం, ఫేస్ కొలత చూసుకుని ఆ దూరంలోనే కనీసం రెండు నెలలు సాధన చేయించాలి.

ఏది ఎంచుకోవాలని అడిగితే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇండియన్ రౌండ్‌తో మొదలుపెట్టించడం మంచిది, ఖర్చు తక్కువ, భంగిమ కుదురుతుంది, నారిని వేళ్లతో వదిలే అలవాటు రికర్వ్‌కు పనికొస్తుంది. ఆ తర్వాత రెండు దారులకూ మన రాష్ట్రంలోనే నిదర్శనాలున్నాయి. విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది. అక్కడివాడే అయిన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకిత భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు. నిన్నమొన్నటి దాకా ఒలింపిక్స్‌లో రికర్వ్ ఒక్కటే ఉండేది. 2028 లాస్ ఏంజిలిస్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీని చేర్చారు. అందువల్ల కాంపౌండ్‌కు ఒలింపిక్ భవిష్యత్తు లేదన్న పాత మాట ఇక చెల్లదు.

మైదానంలో

బాణాలన్నీ ఒకే రంగు, ఒకే తీరుగా ఉండాలి, ప్రతి కాడపైనా పేరో పొడి అక్షరాలో రాసి ఉండాలి. జీన్స్ వేసుకోకూడదు, సైనికుల దుస్తుల్లాంటి మచ్చల బట్ట పనికిరాదు, పాదమంతా కప్పే బూట్లు తప్పనిసరి. ముంజేతిని కాచే ఆర్మ్ గార్డు, వేళ్లకు తొడిగే ఫింగర్ ట్యాబ్ మరచిపోయి వచ్చి పక్కవారిని అడిగే పిల్లలు ప్రతిచోటా కనిపిస్తారు. రెండో ట్యాబ్ ఒకటి సంచిలో ఉంచడం మేలు.

ఈల సంకేతాలు నోటికి రావాలి. రెండు ఈలలు వినగానే షూటింగ్ లైన్ మీదికి రావాలి, పది సెకన్ల తర్వాత ఒక ఈల వినిపిస్తే వేయడం మొదలుపెట్టాలి, మూడు ఈలలకు ఆపి బాణాలు తెచ్చుకోవడానికి వెళ్లాలి. అయిదు గాని అంతకుమించి గాని ఈలలు వరుసగా వినిపిస్తే ప్రమాదమని అర్థం, లాగిన నారిని కూడా దించేయాలి. ఈలకు ముందో సమయం ముగిశాకో వదిలిన బాణానికి శిక్షగా ఆ విడతలోని అత్యధిక విలువ బాణాన్ని కొట్టేస్తారు. మూడు వేయాల్సిన చోట నాలుగు వేస్తే తక్కువ విలువ ఉన్న మూడింటినే లెక్కలోకి తీసుకుంటారు. నారి నుంచి జారిపడ్డ బాణం షూటింగ్ లైన్‌కు మూడు మీటర్లలోపే ఉంటే అది వేసినట్టు కాదు, మరో బాణం తీసుకోవచ్చు. ఈ చివరి నియమం తెలియక, జారిన బాణం పోయినట్టేననుకుని కళ్లనీళ్లు పెట్టుకుని వెనక్కి వచ్చేసే చిన్నపిల్లలుంటారు. కనుక ఇది ముందే చెప్పి ఉంచాలి.

లెక్క రాసే చోట మరింత జాగ్రత్త కావాలి. అందరూ ఫేస్ దగ్గరికి చేరాక విలువలు పెద్దదాని నుంచి చిన్నదానికి వరుసగా చదువుతారు: పది, తొమ్మిది, తొమ్మిది. రాయడం ముగిసేదాకా ఎవరూ బాణాన్ని గాని ఫేస్‌ను గాని తాకకూడదు. బాణం కాడ రెండు వలయాల మధ్య గీతను వెంట్రుకవాసి తాకినా ఎక్కువ విలువే దక్కుతుంది. ఏకాభిప్రాయం లేకపోతే చెయ్యెత్తి జడ్జిని పిలవాలి, ఆయన వంగి గీతను రెండు వైపుల నుంచీ చూసి చెప్పేదే తుది మాట. తప్పు రాశామని గమనిస్తే బాణాలు పీకకముందే, ఆ ఫేస్ మీద వేసిన అందరి ఒప్పుకోలుతో, పొడి సంతకాలతో సరిదిద్దుకోవాలి. పీకాక ప్రతి రంధ్రం దగ్గరా పెన్నుతో గుర్తు పెట్టాలి, అలా చేస్తేనే తర్వాతి విడతలో తగిలి వెనక్కి పడిన బాణం విలువను తేల్చడానికి గుర్తు లేని రంధ్రం ఆధారంగా నిలుస్తుంది. సంతకం పెట్టేముందు మొత్తాన్ని పిల్లవాడే కూడుకోవాలి, ఎందుకంటే లెక్క రాసే రెండు కార్డుల్లో మొత్తాలు తేడాగా ఉంటే తక్కువదే నిలుస్తుంది.

స్థానాలు తేల్చే ర్యాంకింగ్ రౌండ్‌లో 72 బాణాలకు 720 పాయింట్లు గరిష్ఠం. ఆ తర్వాత నాకౌట్‌లో రికర్వ్‌కు సెట్ల పద్ధతి పాటిస్తారు: మూడు బాణాల సెట్ గెలిస్తే రెండు పాయింట్లు, సమమైతే చెరొకటి, ముందు ఆరు పాయింట్లు చేరినవారు గెలిచినట్టు. కాంపౌండ్‌లో పదిహేను బాణాల మొత్తమే చూస్తారు. ర్యాంకింగ్‌లో విల్లు చెడితే బాగుచేసుకోవడానికి వ్యవధి దొరుకుతుంది, నాకౌట్‌లో దొరకదు. అందుకే కట్టి సిద్ధంగా ఉంచిన రెండో నారి లేకుండా నాకౌట్‌కు దిగకూడదు.

గాలి కారణంగా పోటీ ఆపరు, వాన పడినా ఆపరు. పిడుగుల ప్రమాదముంటేనే ఆపుతారు. మన తీరంలో పొద్దెక్కాక సముద్రపు గాలి నేల మీదికి వీస్తుంది, తేలిక విల్లుతో వేసిన బాణం ఎక్కువసేపు గాలిలో ఉంటుంది గనుక పిల్లల బాణాలే ఎక్కువ పక్కకు పోతాయి. 122 సెంటీమీటర్ల ఫేస్ మీద పది వలయం అడ్డుకొలత 12.2 సెంటీమీటర్లే. ఉదయం ఆరింటికే సాధన ముగించే పిల్లలకు ఈ గాలి పరిచయం ఉండదు, వారంలో ఒక రోజైనా మధ్యాహ్నం వేయించాలి. అయితే అది వెనక రక్షణ గోడ ఉన్న రేంజ్‌లోనే జరగాలి. అపార్ట్‌మెంట్ డాబా మీదా బీచ్ ఇసుకలోనూ బోర్డు పాతి వేయించడం సాధన అనిపించుకోదు, ప్రమాదం కొనితెచ్చుకోవడమే.

మందుల సంగతి పెద్దగా ఎవరూ అడగరు గాని అడగాలి. విలువిద్యలో బీటా బ్లాకర్లు పోటీ రోజునే కాదు, మామూలు రోజుల్లోనూ నిషిద్ధం, కారణం అవి గుండె వేగాన్ని తగ్గించి చేతి వణుకును అణచడమే. తలనొప్పికీ పరీక్షల భయానికీ కొన్నిసార్లు రాసే ప్రొప్రనొలాల్ ఆ కోవలోదే. పిల్లవాడు క్రీడాకారుడని డాక్టరుకు ముందే చెప్పి, చీటీని దాచుకోవాలి.

పోటీ ముగిశాక ధ్రువపత్రం అక్కడే చదువుకోవాలి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, విభాగం, విల్లు రకం, సాధించిన స్థానం సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే నిర్వాహకులు మైదానం విడవకముందే దిద్దించుకోవాలి. జాతీయ పాఠశాల క్రీడల్లో ఆడినవారు కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు ‘ఫారం-4’ అనే నమూనాలో పాఠశాల విద్యాశాఖ సంతకంతో పత్రం చూపాలి. మైదానంలో ఇచ్చే రంగుల ధ్రువపత్రం దానికి బదులు కాదు కనుక, ఆ ఏడాదే దరఖాస్తు పెట్టుకోవాలి. పాఠశాల విడిచిన అయిదేళ్లకు పాత జాబితాలు వెతికించుకోవడం ఎంతో కష్టం.